తార్నాకలో రోము గొయ్యి

మా అపార్ట్‌మెంట్‌లో ఈ వేసవికి రోము చూసొచ్చిన కుటుంబాలు రెండు. రెండిళ్ళవాళ్ళూ నన్ను లిఫ్టులో ఆపి మరీ ఫోటోలు చూపించారు. కూలిన గోడల ముందు నల్ల కళ్ళద్దాలు, చేతుల్లో ఐస్‌క్రీములు. "మీరు హిస్టరీ లెక్చరరుగా చేశారు కదండీ, మీరైతే తప్పకుండా వెళ్ళాలి" అని సలహా కూడా ఇచ్చారు. నేను రోము వెళ్ళలేదు. వెళ్తానన్న ఆశ కూడా లేదు, నా మోకాళ్ళకి అన్ని మెట్లు పడవు. అయితే ఆ రోజుల్లోనే నేనూ ఒక యాత్ర చేసొచ్చాను. విశాఖపట్నం నుంచి తార్నాకకి. నన్నడిగితే రోము నగరం పునాది గొయ్యి అక్కడే ఉంది. నవ్వేవాళ్ళు నవ్వండి, నేను చెప్పేది చెప్తాను.

ఆ గొయ్యి సంగతి

తార్నాక పక్కనున్న యూనివర్సిటీలో, ఎమ్మేలో మాకు రోము చరిత్ర చెప్పింది రాఘవులు సారు. ఆయన కూడా రోము మొహం చూసినవారు కాదు. ఆ మాట మొదటి క్లాసులోనే చెప్పేశారు. అయినా ఆయన చెప్తుంటే అది పక్క మండలంలో జరిగినట్టే ఉండేది. తోడేలు పాలు తాగి బతికిన కవలలు, రోములస్, రీమస్. ఏటి ఒడ్డున కొత్త ఊరు కడదామనుకున్నారు. ఏ కొండ మీద కట్టాలో తేలక పక్షుల శకునం చూశారు. ఎద్దునీ ఆవునీ ఒకే కాడికి కట్టి, ఊరి హద్దు చుట్టూ చాలు తోలారు. గుమ్మం రావలసిన చోట నాగలి పైకెత్తి పట్టుకున్నారు. "ఇవన్నీ తర్వాతివాళ్ళు చెప్పుకున్న కథలర్రా. తవ్వితే ఆ కొండ మీద దొరికినవి గుడిసెల గుంజలు పాతిన గుంతలు. కథని గుడ్డిగా నమ్మకండి, గుంతని తేలిగ్గా వదలకండి" అనేవారు.

ఆ కథల్లో ఒకటి మమ్మల్ని పట్టుకుంది. ఊరు కట్టేముందు గుండ్రంగా ఒక గొయ్యి తవ్వారట. తొలి పంటలో మంచివన్నీ అందులో వేశారట. ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా, ఎవరు వదిలొచ్చిన ఊరి మట్టి వాళ్ళు, తలా పిడికెడు తెచ్చి అందులో వేశారట. సారుకి ఇది చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. "సెలవులకి ఇళ్ళకి పోతున్నారుగా, మీరూ తీసుకురండి" అన్నారు.

తెచ్చాం. డిపార్ట్‌మెంటు వెనక బండరాళ్ళ మధ్య గొయ్యి తవ్వాం. ఒక్కొక్కరం ముందుకొచ్చి, మా ఊరి పేరు గట్టిగా చెప్పి, మట్టి వేశాం. నాది కోనసీమ ఒండ్రుమట్టి. సిద్దిపేట దగ్గర్నుంచి వచ్చిన మల్లేశానిది ఎర్రమట్టి. నా హాస్టలు రూమ్‌మేటు కరుణ ఒక్కతే చేతులు కట్టుకుని నిలబడింది. నల్గొండ జిల్లా రేగుంటపల్లి నుంచి వచ్చిన క్రైస్తవుల పిల్ల.

"మాకేడిది సార్ మట్టి? మా అమ్మ నాటేసే పొలం గూడ దొరదే. గండ్లకెల్లి పిడికెడు తీస్తే దొంగతనమైతది" అంది.

సారు "రోములో ఆ గొయ్యికి మూత ఉండేదమ్మా. ఏడాదిలో కొన్నిసార్లు తీసేవారట. మనమూ ఒక మూత పెడదాం. నీ మట్టి నీకు దొరికిన రోజున తీద్దాం" అన్నారు. ఒక నాపరాయి పలక తెచ్చి దాని మీద కప్పారు.

ఇప్పుడు సారు లేరు. మొన్నొక పొద్దున కరుణ ఫోన్ చేసింది. స్కూల్లో సోషల్ టీచరుగా రిటైరై, సీతాఫల్‌మండిలో ఉంటోంది.

"పద్మా, నా మట్టి వచ్చిందే" అంది. "గని జల్ది రావాలె. మన డిపార్ట్‌మెంట్ ఎనక ఏదో బిల్డింగ్ కడుతరంట, మల్లేశం చెప్పిండు. గొయ్యి పోకముందే వెయ్యాలె. నువ్వు గూడ మీ ఊరి మట్టి పట్టుకరా, అందరం మల్లొకసారి వేద్దాం."

"వస్తున్నానే" అన్నాను. ఫోన్ పెట్టేశాక గానీ వెలగలేదు, మా ఊరి మట్టి నా దగ్గరెక్కడుంది? మా నాన్న పొలం ముందు రొయ్యల చెరువైంది. తర్వాత చేతులు మారి రంగు రాళ్ళు పాతిన ప్లాట్లయింది. నేనుండేది అయిదో అంతస్తులో. నాకంటూ మిగిలింది బాల్కనీలో తులసి కుండీ. అదీ నర్సరీవాడు సంచీలో అమ్మిన మట్టే. వట్టి చేతులతో వెళ్ళడానికి మొహం చెల్లక, అదే ఖాళీ పచ్చడి సీసాలో పోసి, పగలకుండా ఎర్ర గుడ్డ చుట్టుకుని బయల్దేరాను.

రైల్లో మా ఆయన

సీసాని పైన పెడితే దొర్లుతుందని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అనకాపల్లిలో ఎక్కిన ఒక పెద్దావిడ ఎదుటి సీట్లో కూర్చుని, నా ఒళ్ళోకే చూస్తోంది. కాసేపటికి చెప్పులు విడిచి, సీసాకి దణ్ణం పెట్టింది.

"ఎవరమ్మా?" అంది మెల్లిగా.

"ఏవిటండీ?"

"అదే తల్లీ, ఆ గుడ్డలో. మీ ఆయనా?"

అస్థికలనుకుంటోందని అర్థం కావడానికి నాకు కొంచెం టైం పట్టింది. అయ్యాక నవ్వాపుకోలేక పొలమారింది. "అయ్యో రామ! మా ఆయన ఇంట్లో కాళ్ళు బార్లా చాపుకుని టీవీ చూస్తున్నాడండీ. ఇది వట్టి మట్టి" అన్నాను.

ఆవిడకి ప్రాణం కుదుటపడింది. చెప్పులేసుకుంది. "ఏ ఊరి మట్టమ్మా?" అంది.

అంత మామూలు ప్రశ్నకి నేను తడబడ్డాను. "బాల్కనీలోదండీ" అన్నాను.

"బాల్కనీకి ఊరేటమ్మా?" అని విడ్డూరంగా చూసి, డబ్బా తీసి మాడుగుల హల్వా ముక్క నా చేతిలో పెట్టింది. మనవరాలి ఫంక్షనుకి తీసుకెళ్తోందట. నెయ్యి వేళ్ళకంటుకుంది గానీ, ఆ మాట మాత్రం సికింద్రాబాదు దాకా నన్ను వదల్లేదు.

సీతాఫల్‌మండి

స్టేషను బయట ఆటోవాళ్ళు నా యాస వినగానే రేటు పెంచేస్తారని నలభై ఏళ్ళ కిందటే తెలుసు. ఆ ఆచారం ఇంకా చెక్కుచెదరలేదు. నేనూ పట్టు వదల్లేదు. చివరికి వాడడిగిన దానికీ నేనన్నదానికీ మధ్యలో తేలింది. ఇద్దరం మోసపోయినట్టు మొహాలు పెట్టుకుని బయల్దేరాం.

కరుణ సందు చివర ఎదురొచ్చింది. జుట్టు ముగ్గుబుట్టయింది గానీ నడక అదే, ఎవరినో కొట్టడానికి వెళ్తున్నట్టు.

"గింత లావైనవేందే!" అంది.

"నువ్వేదో నాజూగ్గా ఉన్నట్టు!" అన్నాను. రోడ్డు మీదే కావలించుకున్నాం. కళ్ళజోళ్ళు రెండూ కొట్టుకుని నాది కింద పడింది.

భోజనంలో సర్వపిండి అనే బియ్యప్పిండి రొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు పులుసంటే పొయ్యి మీద తెర్లాలి, బెల్లం పడాలి. వీళ్ళ పచ్చిపులుసు పొయ్యే ఎక్కదు. చింతపండు పిసికి, ఉల్లిపాయ తరిగి, మిరపకాయలు కాల్చి నలిపి కలిపేస్తారు. హాస్టల్లో మొదటిసారి తిన్నప్పుడు ఇదేం చోద్యమనుకున్నాను. ఇప్పుడు మూడుసార్లు వడ్డించుకున్నాను. తింటుంటే సారు క్లాసులన్నీ గుర్తొచ్చాయి. దిక్కూ మొక్కూ లేనివాళ్ళకీ, పారిపోయి వచ్చినవాళ్ళకీ చోటిచ్చి రోములస్ ఊరు నింపాడని చెప్పిన రోజు కరుణ మొదటి బెంచీలోకి మారింది. ఆ తర్వాతి క్లాసులో, చుట్టుపక్కల వాళ్ళు అలాంటివాళ్ళకి పిల్లనిచ్చేది లేదంటే, రోమువాళ్ళు పండగకి పిలిచి వాళ్ళ ఆడపిల్లల్ని ఎత్తుకుపోయారని చెప్పారు. అప్పుడు లేచి కొట్లాడింది కూడా ఇదే.

"యాదికున్నదా? 'పిల్లనియ్యకపోతే ఎత్కపోతరా సార్? చోటులేనోళ్ళకు చోటిచ్చినందుకు మెచ్చుకుంటుంటె, గింతట్లనే గిట్ల జేసిన్రేంది?' అన్న" అని పడీ పడీ నవ్వింది.

"సారు ఏమన్నారో గుర్తుందా? తర్వాత పుట్టింటివాళ్ళకీ మొగుళ్ళకీ యుద్ధమొస్తే మధ్యలోకెళ్ళి ఆపింది ఆ ఆడవాళ్ళేనన్నారు."

"ఆపక ఏం జేస్తరే? రెండు దిక్కుల సచ్చేది ఆళ్ళోళ్ళేనాయె" అంది.

అన్నం తిన్నాక, గోడ మీది యేసు పటం కింద అలమరలోంచి స్టీలు డబ్బా తెచ్చి మూత తీసింది. బూడిదరంగు మట్టి, గడ్డలు గడ్డలుగా ఉంది. అందులో ఎండిన వరి దుబ్బు ఒకటి వేళ్ళతో సహా ఉంది.

"అమ్మ నాటేసిన మడే ఇది. దొర కొడుకు అమ్ముతుంటే నేను కొన్న. పెద్దగేం గాదు, ఒక్క మడి. రిజిస్ట్రేషన్ నాడు ఏడ్వలే. గీ మట్టి తీద్దామని ఒంగితే ఏడుపొచ్చిందే. తీసుకుంట తీసుకుంట, ఎవరన్న చూస్తున్నరా అని ఎనకకు తిరిగి చూసిన. నా పొలంల నేనే దొంగ లెక్క భయపడ్డ."

దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నా సీసాని మాత్రం సంచీలోంచి తీయలేదు.

తార్నాక చౌరస్తా

మర్నాడు పొద్దున మల్లేశం నల్లకుంట నుంచి స్కూటరు మీద తార్నాక వచ్చాడు. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు. మేం చదివే రోజుల్లో తార్నాక అంటే మాకు పట్నం. పెన్ను రీఫిల్ కావాలన్నా తార్నాకే, దిగులేసినా తార్నాకే. ఇప్పుడు నెత్తి మీద మెట్రో పోతోంది. మేం కూర్చునే ఇరానీ హోటలు కనపడలేదు. పక్క సందులో ఇంకోటి దొరికింది. పాలరాయి బల్లలు లేవు గానీ చాయ్ అదే చిక్కదనం. ఉస్మానియా బిస్కెట్ ముంచగానే సగం విరిగి కప్పులో పడటం కూడా అదే.

"మల్లేశం గారూ, బాగున్నారా?" అన్నాను.

"ఇగో, ఇంక గారు బంద్ చెయ్యలేదా నువ్వు?" అని నవ్వాడు. "మీ ఆంధ్రోళ్ళు తిట్టేటప్పుడు గూడ గారు అంటరు."

"మీరు పిలిచేటప్పుడు కూడా తిడుతున్నట్టే ఉంటుంది కదా" అన్నాను. పాత లెక్క సరిపోయింది.

"మట్టేదిరా?" అని కరుణ అతని చేతులకేసి చూసింది.

"ముందుగాల గొయ్యి దొరకనియ్యి తల్లీ" అని మాట దాటేశాడు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది, నేనొక్కదాన్నే కాదన్నమాట.

మూడు గోతులు

క్యాంపస్‌లో చెట్ల కింద పొద్దుటి నడకవాళ్ళు ఇంకా ఉన్నారు. ఎక్కడో నెమలి అరిచింది. ముందుగా మా కాలేజీ రాతి మెట్లు కనిపించాయి. ఆ మెట్ల మీద కూర్చుని పరీక్షలకి చదివాం, ఫలితాలొచ్చాక ఏడ్చాం. పక్కనుంచి పోయే పిల్లలు మమ్మల్ని చూసి, ఎవరి తల్లిదండ్రులో అనుకుని దారిచ్చారు.

డిపార్ట్‌మెంటు వెనక్కి వెళ్ళాం. ఏనుగు పడుకున్నట్టుండే పెద్ద బండ అలాగే ఉంది. దానవతల నేలంతా తుప్పలు, రాళ్ళు. ఇక మొదలైంది తగువు.

"గీడనే. బండకు ఎడమ దిక్కు. సార్ బండకు ఆనుకొని నిలబడ్డడు" అంది కరుణ.

"కాదు. వాటర్ ట్యాంక్ కాడ. నేను నీళ్ళు తెచ్చి పోసిన గదా, దూరమైతే బకెట్ మొయ్యకపోదును. నేనెంత బద్దకస్తున్నో మీకెరికే" అన్నాడు మల్లేశం.

"ఇద్దరూ పప్పులో కాలేశారు. గొయ్యి మీద తురాయి పూలు రాలాయి. నాకు స్పష్టంగా గుర్తుంది. ఆ చెట్టు మొదలు అదిగో అక్కడ" అన్నాను నేను.

ముగ్గురం చరిత్రలో ఎమ్మేలం. జీవితమంతా పిల్లలకి ఆధారం చూపించందే మాట్లాడకూడదని చెప్పినవాళ్ళం. మేం చేతులతో తవ్విన గొయ్యికి మూడు చోట్లు చెప్తున్నాం. అసలు రోమువాళ్ళకి కూడా ఇదే గతి పట్టిందట, వాళ్ళ గొయ్యి కొండ మీదని కొందరు, కింద సభ జరిగే చోటని కొందరు అన్నారని సారు చెప్పేవారు. అప్పుడు వాళ్ళని చూసి నవ్వాం.

"ఇట్ల తెగదు. శకునం చూద్దాం" అన్నాడు మల్లేశం.

నవ్వకండి. ముగ్గురం మా మా చోట్లకి పోయి నిలబడ్డాం. ఎవరి మీదుగా పక్షులు పోతే వాళ్ళదే నిజం. కరుణ నెత్తి మీదుగా ముందు రెండు గోరింకలు పోయాయి. అది చప్పట్లు కొట్టేలోపు, ట్యాంక్ దగ్గర ఎవరో గింజలు చల్లారు కాబోలు, ఒక పావురాల గుంపు రివ్వుమంటూ మల్లేశం మీదుగా దిగింది.

"నావి ముందొచ్చినయ్!" అంది కరుణ.

"నావి ఎక్కువొచ్చినయ్!" అన్నాడు మల్లేశం.

అచ్చంగా ఆ కవలల తగువే. రీమస్‌కి ఆరు రాబందులు ముందు కనిపించాయి, రోములస్‌కి పన్నెండు తర్వాత కనిపించాయి. తేలకే కదా తమ్ముడు చచ్చింది. నాకు ఒక్క పిచ్చుక కూడా రాలేదు. చెట్టు మొదలు మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాను.

మా అరుపులకి సెక్యూరిటీ ఆయన వచ్చాడు. "ఏమైందమ్మా? ఏం పోయింది?" అన్నాడు.

"ఒక గొయ్యి. నాపరాయి మూత ఉంటది" అంది కరుణ.

ఆయన మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "రాళ్ళు గీళ్ళు ఏమున్నా మొన్ననే తీసిన్రు మేడం. అగో, అక్కడిదాక చదును చేసి మట్టంత లారీల తోలిన్రు. ఇది గూడ రేపో మాపో చేస్తరు" అని వేలు చూపించాడు.

అతను చూపించిన వైపు చూశాం. బండకి అవతల, తుప్పల వెనక, నేల అరచెయ్యిలా చదునుగా ఉంది. అంచున పలగ్గొట్టిన నాపరాళ్ళు కుప్పగా పడున్నాయి. మా మూతే అయి ఉండొచ్చు, కాకపోవచ్చు. మా ముగ్గురి చోట్లలోనూ మూత జాడ లేదు, అంటే ముగ్గురివీ తప్పే. అంత దూరాన తవ్వామని ఎవరికీ గుర్తు లేదు.

కరుణ బండకి ఆనుకుని కింద కూర్చుంది. డబ్బా ఒళ్ళో పెట్టుకుంది.

"చూసినవానే, నా వంతొచ్చేసరికి గొయ్యే లేదు" అంది.

నేను దాని పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ఇది ఆ మూత కోసమే బతికిందని కాదు. స్కూల్లో పాఠాలు చెప్పింది, పిల్లల్ని పెంచింది. అయినా ఎక్కడో ఒక చోట, తనకోసం తెరిచే మూత ఒకటుందని నమ్మింది.

మూత తీసిన చోటు

మల్లేశం మా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"కరుణా, గొయ్యి దొరికినా నేను ఏం వేస్తుంటినో తెలుసా? ఏం లేదు. మా ఊరు రిజర్వాయర్ల మునిగింది. మట్టి తేవాల్నంటే పడవేసుకొని పోయి దుంకాలె. నీకు చెప్పనీకె సిగ్గైంది" అన్నాడు.

ఇక నేనూ సీసా తీశాను. ఎర్ర గుడ్డ విప్పేసరికి కరుణ లాక్కుని మూత తిప్పింది. రెండు వేళ్ళతో నలిపి చూసింది.

"గిది మట్టా? కొబ్బరి పొట్టు గదనే!"

"బాల్కనీదే" అన్నాను. "మా నాన్న పొలం లేదు. నా దగ్గర ఇంకేం లేదు."

అది నా మొహంలోకి చూసింది, మల్లేశం మొహంలోకి చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఉన్నట్టుండి నవ్వింది.

"అంటే గీ ముగ్గురిల మట్టున్నది నాకొక్కదానికేనా?"

"నీకొక్కదానికే" అన్నాం.

కరుణ లేచింది. నా సంచీలో పొద్దున తను సర్ది పెట్టిన సర్వపిండి డబ్బాలోంచి గంటె తీసి, బండ పక్కన, ఎడమవైపున, తను మొదట్నుంచీ చెప్తున్న చోటే తవ్వడం మొదలుపెట్టింది. సెక్యూరిటీ ఆయన ఏదో అనబోయాడు. మల్లేశం ఆయన భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్ళాడు. "జర జల్ది కానియ్యుండ్రి" అని ఆయన అటు తిరిగి నిలబడ్డాడు.

గుండ్రంగా జానెడు గొయ్యి తయారైంది. కరుణ డబ్బా మూత తీసింది. పిడికిలి నింపుకుని నిటారుగా నిలబడింది. ఈసారి చుట్టూ చూడలేదు.

"రేగుంటపల్లి!" అని అరిచింది. కాలేజీ గోడలకి తగిలి తిరిగొచ్చేంత గట్టిగా అరిచింది. మట్టి వేసింది.

తర్వాత డబ్బా మా ముందుకి చాపింది. "తీస్కోండి."

"ఇది నీదే" అన్నాను.

"నాదే గదా, ఇస్తున్న. దొంగతనం గాదు. పట్టుండ్రి. మట్టి నాది, ఊరి పేరు మీది చెప్పుండ్రి."

మల్లేశం పిడికెడు తీసుకుని, మునిగిపోయిన తన ఊరి పేరు చెప్పాడు. నేను తీసుకున్నాను. చల్లగా, బరువుగా ఉంది. వరి వేరొకటి వేలికి చుట్టుకుంది. మా ఊరి పేరు గట్టిగా చెప్పి ఎన్నేళ్ళయిందో. చెప్పాను. వేశాను. మూతకి నాపరాయి ముక్క ఒకటి తెచ్చి కప్పాం. రేపో మాపో అదీ చదునైపోతుందని మాకు తెలుసు. మళ్ళీ తార్నాక పోయి చాయ్ తాగాం, బిస్కెట్లు మళ్ళీ విరిగిపోయాయి.

తిరుగు ప్రయాణం

స్టేషన్లో కరుణ నా సీసా లాక్కుంది. అందులోని కొబ్బరి పొట్టంతా ప్లాట్‌ఫారం చివర కుండీలో పారబోసి, డబ్బాలో మిగిలిన మట్టి నింపి, ఎర్ర గుడ్డ తనే చుట్టింది. "తులసికి బెట్టు. గా పొట్టుతోని ఏం బతుకుతది పాపం" అంది. బండి కదిలేదాకా కిటికీ ఊచలు వదల్లేదు.

సీసా ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. ఎదుటి సీట్లో ఈసారి రాజమండ్రి వెళ్ళే ఒక పంతులమ్మ. కాసేపు చూసి, ఆగలేక అడగనే అడిగింది.

"ఏంటండీ అది?"

"మట్టండీ."

"ఏ ఊరిది?"

ఈసారి నేను తడబడలేదు.

"రేగుంటపల్లి" అన్నాను. "మా ఊరే."